గుహలో తిన్న దాల్చా

నీలవేణికి నాలుగు రోజులుగా అన్నం సహించడం లేదు. కారణం దాల్చా.

ఆమె హుసేన్‌బీ దగ్గర వంట నేర్చుకోవడం మొదలుపెట్టి ఎనిమిదేళ్ళయింది. కడప చుట్టుపక్కల పెళ్ళి మరుసటి రోజు మాంసం విందు ఎవరింట జరిగినా హుసేన్‌బీ పొయ్యి వెలగాల్సిందే. బగారన్నం మిగిలితే మిగిలేది గానీ, శనగపప్పు, సొరకాయ, మటన్ ఎముకలు వేసి చింతపండు పులుసుతో దించే ఆ దాల్చా మాత్రం అడుగు కూడా మిగిలేది కాదు. హుసేన్‌బీ మోకాళ్ళు మొరాయించినప్పటి నుంచి, అంటే నాలుగేళ్ళుగా, దాల్చా గరిటె నీలవేణి చేతికే వచ్చింది. అయినా పెద్ద వంటమనిషి హుసేన్‌బీయే.

"సంజమ్మ మనవరాలి పెండ్లి విందుకు నువ్వే పెద్ద. నేను ఊరికే కుర్చీలో కూర్చుంటా" అని పోయిన రంజాన్ నెలలో గురువు నోటితోనే అంది. నీలవేణి ఆ మాటను ఆరు నెలలుగా దాచుకుని దాచుకుని తలుచుకుంటోంది.

తీరా చూస్తే సంజమ్మ ఫోన్ చేసి, "ఏమనుకోవద్దు పాపా, విందు వంట పార్కు వాళ్ళకే ఇస్తాండాం. ఆ గుహలో తిన్న దాల్చా ఇంకా నాలుక మీదే ఉందే!" అంది.

హైవే పక్కన కొత్తగా 'అద్భుత లోకం' అని ఒక పార్కు వెలిసింది. రాక్షసుడి నోట్లోంచి లోపలికి పోవడం, గాల్లో తిరిగే బుట్టలు, అన్నీ ఉన్నాయి. అందులో సిమెంటు గుహ ఒకటి, ఆ గుహలో హోటలు. జిల్లా మొత్తం అక్కడికే ఎగబడుతోంది.

"వాళ్ళు తినేది దాల్చా కాదు పెద్దమ్మా, గుహ!" అంది నీలవేణి. నాలుగు రోజుల్లో అది పదోసారి. "నీలం లైట్లు వేసి, డోలు కొట్టి గడ్డి పెట్టినా ఆహా ఓహో అంటారు. నోట్లో నాలుకలున్నాయా, చెప్పుతోలా?"

హుసేన్‌బీ వెల్లుల్లి వలుస్తోంది. "ఊఁ" అంది.

"ఊఁ కాదు. ఏదో ఒకటి మాట్లాడు."

"నువ్వు తిన్యావా?"

"నేనెందుకు తింటాను ఆ చెత్త!"

"తినకుండానే చెత్తని ఎట్ల తెలిసె?"

నీలవేణికి ఒళ్ళు మండింది. ఈ ముసలామెతో ఎప్పుడూ ఇదే గొడవ. సూటిగా ఒక్క జవాబు చెప్పదు. ఎనిమిదేళ్ళలో తన వంట రుచి చూసి 'బాగుంది' అన్నది లేదు, 'బాగాలేదు' అన్నదీ లేదు. నాలుక చప్పరించి ఊరుకుంటుంది.

పైగా చెప్పలేనన్ని పద్ధతులు. జనం కూర్చునే చోట నీళ్ళు చిలకరించాలి. నిప్పుల మీద సాంబ్రాణి వేయాలి. గాలి ఎటు నుంచి వీస్తోందో చూసి దాల్చా డేగిసా అటు పెట్టాలి. అందరూ విస్తళ్ళ ముందు కూర్చుని, ఆకలితో కాస్త కదులుతూ ఉన్నప్పుడు మూత తీయాలి. తీసేవాళ్ళు మొహం పక్కకు తిప్పుకోవాలి. మొదటి ఆవిరి తినేవాళ్ళదట! వాళ్ళు చేయి కడుక్కునేదాకా వండినవాళ్ళు ముద్ద ముట్టకూడదు. ఇవన్నీ ఒక ఎత్తు. సరిగ్గా మూత పెట్టబోయే ముందు, "పో, విస్తళ్ళు చూసిరాపో" అని తరుముతుంది. ప్రతిసారీ! విస్తళ్ళు ఎక్కడికైనా లేచిపోతాయా?

"సరే" అంది నీలవేణి. "ఈ రోజే తేల్చుకుందాం. పొద్దున నేను చిన్న డేగిసాలో దించిన దాల్చా నిప్పుల మీద ఉంది. పార్కుకు పోదాం. నువ్వు తిను. వాళ్ళ దాల్చా డబ్బాలో కట్టించుకుని వద్దాం. మధ్యాహ్నం సంజమ్మ గారిని పిలిచి రెండూ పక్కపక్కన పెడదాం. గుహ ఉండదు, డోలు ఉండదు. అప్పుడు చెప్పమందాం. నాకు ఆ విందు కావాలి పెద్దమ్మా. అంతే!"

హుసేన్‌బీ వెల్లుల్లి పొట్టు దులుపుకుని లేచింది. కళ్ళు తిరిగితే ఉంటుందని ఎప్పుడూ కొంగున ముడేసుకునే బెల్లం ముక్కను ఒకసారి తడిమి చూసుకుంది. నాలుగేళ్ళుగా నీలవేణి చూస్తూనే ఉంది గానీ ఆమె కళ్ళు తిరగడం ఒక్కసారీ చూడలేదు.

"పోదాం పద. గుహంట గదా, నేనూ సూడలా" అంది.

*

గుహలోకి పడవలో పోవాలి. హుసేన్‌బీ పడవ అంచు గట్టిగా పట్టుకుని, మీద తుంపర్లు పడగానే "యా అల్లా!" అని చిన్నపిల్లలా కేక వేసి, వెంటనే నవ్వింది. ఆ నవ్వు చూసి నీలవేణికి ఇంకా చిర్రెత్తింది.

లోపల చల్లగా, నీలంగా ఉంది. సిమెంటు కొండల మీంచి నీళ్ళు జారుతున్నాయి. మొహాలకు రంగులు పూసుకుని, ఆకుల గుడ్డలు కట్టుకున్నవాళ్ళు వడ్డిస్తున్నారు. ఎవరి బల్లకు కుండ వచ్చినా డోలు మోగుతుంది. వీళ్ళ కుండా వచ్చింది. మూత తీయగానే తెల్లటి పొగ బల్లంతా కమ్మేసింది. ఆ పొగకు దాల్చా వాసన లేదు, అసలు ఏ వాసనా లేదు. లోపల పసుప్పచ్చటి దాల్చా, పైన చుక్కల్లా కోసిన క్యారెట్ ముక్కలు.

"దాల్చాలో క్యారెట్ చుక్కలు! చూశావా పెద్దమ్మా? చూశావా?"

హుసేన్‌బీ తింటోంది. నిదానంగా, కళ్ళు జలపాతం మీద పెట్టి తింటోంది. ఎముక ముక్క తీసి చీకింది. ప్లేటు వేలితో తుడిచింది. తర్వాత ఒక మాట అంది.

"బాగుంది."

నీలవేణి చేతిలో చెంచా ఆగిపోయింది.

"ఏమన్నావ్?"

"బాగుంది అంట్ని. సల్లగా ఉంది ఈడ. ఆకలి బాగా ఏసింది."

ఎనిమిదేళ్ళు! పొగకు కళ్ళు మంటలెక్కి, ఎండలో డేగిసాలు తోమి, నిద్ర మానుకుని ఎదురుచూసిన ఆ ఒక్క మాటను పట్టుకెళ్ళి సిమెంటు కొండకు ఇచ్చేసింది. నీలవేణి ఇంక ఒక్క ముద్ద తినలేదు. దాల్చా డబ్బాలో కట్టించుకుని బయటికి వచ్చేదాకా మాట్లాడలేదు. ఆటోలో మాత్రం దారి పొడుగునా మాట్లాడింది. హుసేన్‌బీ "ఊఁ" కొట్టింది.

*

సంజమ్మ రెండు గంటలకు వచ్చింది. రైస్ మిల్లు కుటుంబం, మాటలో నిక్కచ్చి మనిషి. వచ్చీ రాగానే, "ఏం హుసేన్‌బీ, నీ శిష్యురాలు నాకు పరీక్ష పెడతాందంటనే!" అంది.

"నాకు గూడా పెడతాంది రెడ్డెమ్మా. కూర్చో" అంది హుసేన్‌బీ.

వాకిట్లో వేపచెట్టు నీడన నీలవేణి అప్పటికే నీళ్ళు చిలకరించి చాప పరిచింది. గాలి పడమటి నుంచి వస్తోందని హుసేన్‌బీ డేగిసాను నిప్పులతో సహా అటు వైపు పెట్టించింది. సాంబ్రాణి వేసింది. ఆ తర్వాత అలవాటుగా, "పో, విస్తరి చూసిరాపో" అంది.

నీలవేణి పళ్ళు కొరుక్కుంటూ పెరట్లోకి పోయి చినగని అరిటాకు వెతికి కోసి, కడిగి తెచ్చింది. వచ్చేసరికి డేగిసా మీద మూత ఉంది. పక్కన పార్కు డబ్బా ఉంది. కాళ్ళూ చేతులూ కడుక్కోను పోయి అప్పుడే వచ్చి కూర్చున్న సంజమ్మ గాలికి మొహం పెట్టి, "కడుపు కాలిపోతాందే, ఎంతసేపు!" అంటోంది.

"తీయ్ పాపా" అంది హుసేన్‌బీ.

నీలవేణి మొహం పక్కకు తిప్పుకుని మూత తీసింది. ఆవిరి సంజమ్మ వైపు పోయింది. వడ్డన హుసేన్‌బీ చేసింది. ముందు డబ్బాలోది రెండు గరిటెలు, తర్వాత డేగిసాలోది రెండు గరిటెలు, అన్నానికి చెరో పక్కన.

సంజమ్మ డబ్బాది కలుపుకుని ఒక ముద్ద తిని, మొహం అదోలా పెట్టింది. "సల్లారిపోయిందా ఏంది? పుల్లనీళ్ళు తాగినట్టుండాది. ఆ పొద్దు ఇదేనా నేను తినింది?" రెండోది కలుపుకుంది. ఒక ముద్ద, ఇంకో ముద్ద. కళ్ళు మూసుకుంది. "ఆఁ! ఇదీ దాల్చా అంటే! చేయి తిరిగినోళ్ళ వంట ఎట్లయినా వేరేలే. అదంతా పార్కు మాయ. నీలా, విందు నీదే. మగపిల్లోని వాళ్ళకు నేను చెప్పుకుంటాలే."

నీలవేణికి కాళ్ళు నేల మీద ఆనలేదు. 'చూశావా?' అన్నట్టు గురువు వైపు చూసింది. ఆమె విస్తరి మడవబోతున్న సంజమ్మ చేతికి నీళ్ళ చెంబు అందిస్తోంది.

అతిథి చేయి కడుక్కుంది కాబట్టి ఇంక తినొచ్చు. నీలవేణి తన దాల్చా తనే రుచి చూసుకుందామని గరిటె పెట్టి డేగిసా అడుగు దేవింది. గరిటెలోకి ఏదో ఎర్రగా వచ్చింది.

చుక్కలా కోసిన క్యారెట్ ముక్క.

నీలవేణి డబ్బాకేసి చూసింది. డేగిసాకేసి చూసింది. అరిటాకు కోసుకురావడానికి తను పెరట్లోకి పోవడం గుర్తొచ్చింది.

"పెద్దమ్మా!" గొంతు తగ్గించింది గానీ అరుపు అరుపే. "ఏం చేసినావ్ నువ్వు? దాన్ని దీంట్లో పోసి, నాది ఆ డబ్బాలో పోస్తావా?"

"క్యారెట్లన్నీ ఏరేసినానే. ఒగటి తప్పించుకున్యాదా?" అంది హుసేన్‌బీ, కాస్త నొచ్చుకున్నట్టుగా.

"ఎందుకు చేశావ్?"

"నీకు విందు కావాల అంటివి. ఇప్పిస్తి. నీ దాల్చా గెలవాల అని నాకు చెప్పలేదే నువ్వు."

నీలవేణి గరిటె డేగిసాలోనే వదిలేసి లేచింది. వీధి గుమ్మం దగ్గర సంజమ్మ చెప్పులు వేసుకుంటోంది. కారు స్టార్టయింది. ఊరుకుంటే చాలు. ఆరు నెలలుగా తలుచుకుంటున్నది చేతిలో ఉంది. ఎవరికీ తెలియదు. ఈ ముసలామె ఎటూ నోరు విప్పదు.

ఛీ, అనుకుంది. ఎవర్ని అనుకుందో తెలియదు. చెప్పులు కూడా లేకుండా పరిగెత్తింది.

"అమ్మా, ఆగండి. మీకు నచ్చింది నాది కాదు. పార్కుది. పుల్లనీళ్ళు అన్నారే, అదీ నాది."

సంజమ్మ కారు తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "మీ గురువుకూ శిష్యురాలికీ ఆటాడుకోను నేనే దొరికినానా? ఇంట్లో పెండ్లి పెట్టుకుని పనుల్లేక వచ్చినానా నేను?" కారెక్కింది. అద్దం పైకి పోతూ పోతూ మళ్ళీ కిందికి దిగింది. "శుక్రవారం మళ్ళా వస్తా. డేగిసా వద్దు, సాంబ్రాణి వద్దు. ఆ డబ్బాలోనే పెట్టు, సల్లార్చి పెట్టు. అప్పుడు సూస్తా నీ సంగతి."

*

నీలవేణి వచ్చి చాప మీద కూలబడింది. హుసేన్‌బీ మళ్ళీ వెల్లుల్లి ముందేసుకుని కూర్చుంది. లోకం మునిగినా ఈమె వెల్లుల్లి వలవడం ఆపదు.

"డబ్బాలో సల్లారింది పెడితే ఎవరి దాల్చా మాత్రం బాగుంటుంది? నువ్వే చెప్పు."

హుసేన్‌బీ ఆమె దాల్చా మిగిలి ఉన్న డబ్బాను కాలితో కొంచెం ఇటు జరిపింది.

నీలవేణి ఉడుక్కుంటూనే మూత పీకింది. ఆవిరి లేదు. వాసన లేదు. సాంబ్రాణి ఎప్పుడో ఆరిపోయింది. పైన తెల్లటి కొవ్వు తెట్టు కట్టింది. ఒక చెంచా నోట్లో వేసుకుంది. చేతిలోది విసిరేద్దామన్నంత కోపంతో ఇంకో చెంచా వేసుకుంది. మూడోసారి నిదానంగా, మామూలు మనిషి ఎవరిదో తిన్నట్టుగా తింది.

"పులుపు ఎక్కువుంది" అంది.

హుసేన్‌బీ వెల్లుల్లి పాయ విరిచింది.

"పెద్దమ్మా, పులుపు ఎక్కువైంది ఈ రోజొక్కటేనా?"

హుసేన్‌బీ వలిచిన రెబ్బలు గిన్నెలో వేసింది.

"మరి నాలుగేళ్ళుగా ఎవరూ ఒక్క మాట అనలేదే! ప్రతి విందులోనూ అడుగంటా గీక్కుని..."

హుసేన్‌బీ వెల్లుల్లి పక్కన పెట్టి, కొంగు ముందుకు లాక్కుని ముడి విప్పుతోంది. గట్టి ముడి, వేళ్ళకు ఒక పట్టాన లొంగలేదు. చివరికి బెల్లం ముక్క బయటికి వచ్చింది. ఒక పక్క పదే పదే గిల్లినట్టు గుంటలు పడి ఉంది.

దాన్ని నీలవేణి అరచేతిలో పెట్టి, వేళ్ళు తనే మూసింది.

"విస్తళ్ళు ఇంక నేను సూసుకుంటాలే" అంది.