నేరేడు రసం, పసుపు నీళ్ళు

1978 జూలై 11, మంగళవారం. పొద్దుటినుంచీ సన్నతుంపర. మధ్యాహ్నానికి గాలి సముద్రంవైపు తిరిగి, చినుకులు కిటికీ అద్దాల్ని ఏటవాలుగా కొట్టడం మొదలుపెట్టాయి. గోవర్ధనం గొడుగు కూడా ముడవకుండా డాక్టర్ వకుళమ్మగారి గదిలోకి వచ్చేశాడు.

"మేడమ్, సబీహాని ఎలుకల గదిలోకి రానివ్వకండి. ఇంక ఆవిడైనా ఉండాలి, నేనైనా ఉండాలి."

"ముందు గొడుగు బయట పెట్టు. కాగితాలు తడుస్తున్నాయి" అన్నారావిడ.

వకుళమ్మగారి గురించి ఒక ముక్క చెప్పాలి. పరిశోధనలోకి రాకముందు ఆవిడ ఒక ఆస్పత్రిలో పురుళ్ళ డాక్టరు. ఆ ఆస్పత్రిలో డాక్టరూ, నర్సులూ, ఆయా ఒక జట్టు. పొద్దున్నే అందరూ కలిసి కూర్చుని, ఏ మంచం మీది మనిషికి ఏం కావాలో మాట్లాడుకున్నాకే పనిలో దిగేవారట. ఆ వార్డులో దొరికినంత మంచి కాఫీ మళ్ళీ ఎక్కడా తాగలేదనేవారు. అది వేరే కథ.

గోవర్ధనం ఆవిడ శిష్యుల్లో చురుకైనవాడు. ఒక క్రిమిని ఎదిరించే శక్తి పుట్టుకతోనే లేని నల్ల చిట్టెలుకల వంశాన్ని ఏళ్ళతరబడి పెంచాడు. టీకా వేసినా వాటికి ఆ శక్తి రాదు. ఆ లోపం తల్లిదండ్రుల నుంచి పిల్లలకి తప్పకుండా వస్తుందని చూపిస్తే అతనికి డాక్టరేట్. కల్తీ జరగకూడదని చూలు ఎలుకలన్నిటినీ దేనికదే విడి పెట్టెలో ఉంచేవాడు. పుట్టిన పిల్లలకి క్రిమిని సోకించగానే అన్నీ పోయేవి. అనుకున్నట్టే జరిగిందని అతను సంతోషించేవాడు.

ఒక్క పెట్టెలో మాత్రం పోలేదు. పెట్టెలు చాలక, అతన్ని అడిగే, తోటి శిష్యురాలు సబీహా తన తెల్ల ఎలుకని అతని నల్లదానితో కలిపి ఉంచిన పెట్టె అది. రెండూ ఒకే రోజు ఈనాయి. సబీహావి గట్టి వంశం ఎలుకలు, పైగా టీకా వేసినవి. తెల్లపిల్లలు బతకడంలో వింతలేదు. నల్లపిల్లలు కూడా నిక్షేపంగా తిరుగుతున్నాయి.

"సబీహా తెల్ల మగఎలుక ఎప్పుడో నా పెట్టెలో దూరింది మేడమ్. ఇవి చూడ్డానికి నల్లవే, లోపల సంకరం. నా కష్టమంతా మట్టిపాలు."

సబీహా అప్పటికే గుమ్మంలో ఉంది. "జాలీ మూత విప్పుకుని, మళ్ళీ బిగించి వెళ్ళిందా గోవర్ధనం గారూ? అంత తెలివుంటే ఆ డాక్టరేట్ దానికే ఇప్పించండి."

"చూశారా, వెటకారం!"

వకుళమ్మగారు నవ్వలేదు. "సంకరమని తేలితే సబీహా వేరేచోటు చూసుకుంటుంది. ముందు చూద్దాం" అన్నారు.

సబీహా మొహం పాలిపోయింది.

వకుళమ్మగారు టిఫిన్ డబ్బా తెరిచారు. నేరేడుపళ్ళు. ఆ ఏడు కాపు బాగా వచ్చింది, గింజ చిన్నది, కండ ఎక్కువ. రెండు నోట్లో వేసుకుని, మిగతావి గిన్నెలో చిదిమారు. దేవుడి పటం దగ్గరున్న భరిణెలోంచి చిటికెడు పసుపు తీసి నీళ్ళలో కలిపారు.

ఎలుకల గదిలో తెల్లతల్లి పొట్టకి పసుపు పూశారు. నల్లతల్లి పొట్టకి నేరేడు రసం. రెండిటినీ మళ్ళీ గూట్లో వదిలారు.

"కూర్చో. టీ తాగు. పెట్టె ముట్టుకోకు" అన్నారు గోవర్ధనంతో.

టీ చల్లారిపోయింది. ఎలుకలు రెండూ రంపపుపొట్టు సర్దుకుని, పిల్లలన్నిటినీ ఒక కుప్పగా చేసుకుని పడుకున్నాయి.

"ఇప్పుడు తియ్యి."

గోవర్ధనం ఒక నల్లపిల్లని అరచేతిలోకి తీసుకున్నాడు. దాని మూతి పసుపుపచ్చగా ఉంది. ఇంకోటి తీశాడు. అదీ పసుపే. ఒక తెల్లపిల్లని తీస్తే పెదవులు ఊదారంగు.

"ఇలా చూడండి, దీనికి రెండు రంగులూ!" అంది సబీహా వంగి.

"ఏదీ?" అని అతనూ వంగాడు. ఇద్దరి తలలూ ఠప్పున కొట్టుకున్నాయి. ఆ క్షణాన ఎవరికీ కోపం గుర్తులేదు.

నల్లపిల్లలు పాలు మాని పెద్దయ్యాక, వాటి నెత్తురు పరీక్ష చేశారు. సొంతంగా ఎదిరించే శక్తి జాడే లేదు. టీకా వేసినా రాలేదు. సంకరం కాదు, అచ్చంగా అతని వంశమే.

"మరి సబీహాని ఎప్పుడు పంపమంటావు?" అని అడిగారు వకుళమ్మగారు.

"వద్దు మేడమ్. కొత్తగా చూలుకట్టిన నావాటిని తన పెట్టెల్లో పెట్టుకోమని అడిగాను."

"ఏమంది?"

"మగఎలుకని అడిగి చెప్తానంది."

ఈసారి ఆవిడ నవ్వారు. తర్వాత నెమ్మదిగా అడిగారు. "ఆ నల్లపిల్లలకి ఎవరి నుంచి ఏం వచ్చింది?"

"రంగూ, లోపమూ కన్నవాటి నుంచి. ప్రాణం పక్కతల్లి నుంచి, టీకా శక్తి ఉన్న ఆ పాలతో."

"తెల్లవాటికి?"

"వాటి అమ్మ ఇవ్వాల్సిందంతా ఇచ్చింది. నల్లదాని పాలు అదనం."

"నువ్వు జాగ్రత్తగా విడివిడిగా పెట్టావే, ఆ పెట్టెల్లో పిల్లలకి?"

గోవర్ధనం గోడవారన కడిగి బోర్లించిన పెట్టెలవైపు చూశాడు.

"లోపం తప్ప ఇంకేమీ రాలేదు మేడమ్."