నవ్వులపాడులో జపాను మాట

అనగనగా, సముద్రానికి ఇవతలి గట్టున, నవ్వులపాడు అనే రాజ్యం. దానికి రాజు కుముదవర్మ. ఆయనకు ఏనుగులున్నాయి, గుర్రాలున్నాయి, కోట బురుజు మీద ఇంటర్నెట్ స్తంభమూ ఉంది. రాజుల కాలంలో ఇంటర్నెట్ ఎక్కడిదని అడగకండి పిల్లలూ. కథ చెప్పేది నేను, ఉందంటే ఉన్నట్టే.

ఆ ఊరివాళ్లు మంచివాళ్లే. పిలిచి అన్నం పెడతారు, అడగకపోయినా సాయం పడతారు. కానీ వాళ్లకొక పాడు అలవాటు ఉంది. నలుగురిలో ఎవరైనా తప్పు మాట్లాడారంటే చాలు, చావడి కాపలా సిద్ధయ్య డప్పు మోగించేవాడు. జనం పోగయ్యేవారు. కడుపుబ్బ నవ్వి, ఆ తప్పుకు తగ్గ పేరొకటి ఆ మనిషికి తగిలించేవారు. ఒకసారి తగిలించాక ఆ పేరు చచ్చినా వదిలేది కాదు. పెళ్లిపీటల మీద మంత్రం తడబడిన ఒకాయన, మనవలు పుట్టాక కూడా తడబాటు పెళ్లికొడుకే. అందుకని నవ్వులపాడులో ఎవరూ తెలిసిన మాట తప్ప కొత్త మాట పలికేవారు కాదు.

రాజుగారి విడిది ఇల్లు చూసుకునే అచ్చమాంబకూ అలాంటి పేరొకటి ఉంది. చిన్నప్పుడు సభలో పద్యం చదువుతూ సగంలో మరిచిపోయిందట. ఆనాటి నుంచి ఆమె సగం పద్యం అచ్చమ్మ. తల నెరిసింది, పేరు మాత్రం నల్లగా నిగనిగలాడుతూనే ఉంది. పనివాళ్ల మీద కేకలేయడానికి అంత పెద్ద గొంతున్న మనిషికి, సభలో నోరు విప్పాలంటే గుండె గుబగుబలాడేది.

ఒక గాలివాన వెలిసిన పొద్దున, బెస్తవాళ్లు ఒక బుల్లి పడవను ఒడ్డుకు లాక్కొచ్చారు. అందులో ఆరేడేళ్ల పాప. పడవ మీద సగం చెరిగిన అక్షరాలు చూసి, పాప జపాను దేశపుదని ఆస్థాన పండితుడు తేల్చాడు. అంత దూరం నుంచి అంత చిన్న పడవ ఎలా వచ్చిందంటారా? కథల్లో సముద్రం కాస్త చిన్నగానే ఉంటుంది.

అప్పుడే చేపలు కొనడానికి వచ్చిన అచ్చమాంబ పడవలోకి తొంగి చూసింది. పాప ఆమె కొంగు గుప్పిట్లో పట్టుకుంది. రాణిగారి దగ్గరికి తీసుకుపోవడానికి భటులు వచ్చి, ఒక్కొక్క వేలూ విడదీయాల్సి వచ్చింది. ఇంటికొచ్చిన అచ్చమాంబకు ఆ పూట అన్నం సయించలేదు.

రాణిగారు పాపను కన్నబిడ్డలా చూసుకున్నారు. బొమ్మలిచ్చారు, లడ్డూలిచ్చారు. పాప ఉలకదు, పలకదు. రెండు ముద్దలు తిని, సముద్రం వైపు తిరిగి కూర్చుంటుంది.

రాజు తూర్పు దేశాలకు ఓడ నడిపే సరంగు మస్తానును పిలిపించాడు. "ఈ బిడ్డను ఇంటికి చేర్చు" అన్నాడు.

"చేరుస్తాను మహారాజా, కానీ ఎక్కడికి?" అన్నాడు మస్తాను. "జపానంటే ఒక ఊరా? దీవుల వెనక దీవులు. ఊరి పేరు తెలియకుండా ఏ రేవులో దింపను? సైగలతో బేరాలు చేసుకునేవాణ్ని, పాపను అడగడానికి వాళ్ల భాష నాకూ రాదు. పడమటి గాలి పట్టగానే నేను బయలుదేరాలి. ఆ గాలి దాటిపోతే మళ్లీ ఏడాది దాకా ఓడ కదలదు. ఏడాది పాటు ఆ బిడ్డ ఇలాగే కూర్చుంటే బతుకుతుందా?"

రాజుకు గుండె చివుక్కుమంది. వెంటనే చాటింపు వేయించాడు. "ఆ పాప చేత ఊరి పేరు చెప్పించినవారికి కోరింది ఇస్తాను. పడమటి గాలి పట్టేదాకా గడువు. జపాను భాష ఎవరికీ రాదని నాకు తెలుసు. నేర్చుకోండి. ఇంటర్నెట్‌లో పాఠాలు కావలసినన్ని ఉన్నాయి, అన్నీ ఉచితం."

ఉచితం అన్న మాట చెవిన పడగానే వర్తకుడు ధనగుప్తుడు లేచి కూర్చున్నాడు. ఉచితంగా దొరికేది ఒక్కటి వదిలినా ఆయనకు నిద్ర పట్టదు. జపాను పాఠాల వీడియోలు, పాటలు, ఆటలు, నిఘంటువులు, మాటను మార్చి చెప్పే యంత్రాలు, కనబడినవన్నీ దింపుకున్నాడు. ఫోను నిండితే ఇంకో ఫోను కొన్నాడు. అది నిండితే మరొకటి. "రేపు మొదలుపెడతా, ఇంకా మంచిది దొరుకుతుందేమో" అంటూ వెతుకుతూనే ఉన్నాడు. ఒక్క పాఠమూ విప్పి చూడలేదు.

ఆస్థాన పండితుడు వాచస్పతి పద్ధతి వేరు. ఆయన నిజంగానే చదివాడు. జపాను అక్షరాలు దిద్దాడు, వ్యాకరణం బట్టీపట్టాడు. కానీ పెదవి కదపలేదు. "భాష పూర్తిగా వచ్చాకే పలకాలి. ఈలోగా తప్పు పలికితే సిద్ధయ్య డప్పు ఊరుకుంటుందా?" అనేవాడు శిష్యులతో.

అచ్చమాంబకూ ఒక ఫోను ఉంది. అద్దం పగిలింది గానీ పనిచేస్తుంది. ఆమె ముందు అక్షరాల పాఠం పెట్టింది, కళ్లు నీళ్లు కారాయి. తర్వాత పిల్లల పాటలు పెట్టింది, అవి ఉరుకులు పరుగులు. మూడోసారి వెతికితే జపాను రేడియో ఒకటి తగిలింది. చేపల వేటకు వెళ్లేవాళ్లకు ఒక ముసలాయన వాతావరణం చెబుతున్నాడు. నింపాదిగా, గంభీరంగా, చెప్పిన మాటే మళ్లీ చెబుతున్నాడు.

"ఈయనెవరో నాలాంటివాళ్ల కోసమే చెబుతున్నాడమ్మా" అనుకుని అచ్చమాంబ అక్కడే ఆగింది.

ఇక రోజూ అదే పని. పరుపులు దులుపుతూ వినేది, పప్పు రుబ్బుతూ వెంట పలికేది. అర్థం తెలియని మాటను ఉచిత నిఘంటువులో వెతుక్కునేది. దూరదేశంలో ఒకమ్మాయి నవ్వుతూ చెప్పే చిన్న పాఠాలు కూడా చూసి, పేరెలా అడగాలో, ఊరెలా అడగాలో నేర్చుకుంది. కానీ గొంతు మాత్రం ఆ రేడియో ముసలాయనదే పట్టుబడింది. వాకిట్లో ఎవరి అడుగుల చప్పుడైనా వినబడితే చాలు, టక్కున నోరు మూసేది. విడిదిలో దిగినవాళ్లు, లోపల ఎవరో మగమనిషి గొణుగుతున్నాడని భయపడేవారు.

చివరికి పడమటి గాలి పట్టింది. మస్తాను తెరచాపలు కట్టుకుని రేవులో సిద్ధంగా ఉన్నాడు. రాజు సభ తీర్చాడు. రాణి పక్కన పాప తల వంచుకుని కూర్చుంది. అలవాటు ప్రకారం సిద్ధయ్య డప్పుతో వచ్చి మూలన నిలబడ్డాడు.

మొదట ధనగుప్తుడు లేచాడు. నౌకర్లు ఫోన్లను పళ్లెంలో మోసుకొచ్చారు. "నేను మాట్లాడడమెందుకు మహారాజా, ఇవే మాట్లాడతాయి" అని వరసగా నొక్కుకుంటూ పోయాడు. ఏది నొక్కాడో ఆయనకే తెలియదు. పాటలు, పాఠాలు, యంత్రాల గొంతులు అన్నీ ఒక్కసారి మొదలయ్యాయి. ఆపడం చేతకాక ఫోన్లను ఉత్తరీయంలో మూటకట్టి దాని మీద కూర్చున్నాడు. పాప రెండు చెవులూ మూసుకుంది.

తర్వాత వాచస్పతి. వచ్చి పాప ముందు నిలబడ్డాడు. నోరు తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు. సిద్ధయ్య వైపు ఓరకంట చూశాడు. "మహారాజా, ఇంకో రెండేళ్లు గడువిస్తే బాగుంటుంది" అని తెలుగులో చెప్పి వెళ్లి కూర్చున్నాడు.

రాజు నీరసపడ్డాడు. "ఇంకెవరైనా ఉన్నారా?" అని అడిగాడు. గాలికి ఓడ తాళ్లు కిర్రుమంటున్న చప్పుడు సభలోకి వినిపిస్తోంది.

అచ్చమాంబ స్తంభం చాటున నిలబడి ఉంది. నోరు విప్పితే ఈ వయసులో ఇంకో పేరు మీద పడుతుంది. విప్పకపోతే ఓడ వెళ్లిపోతుంది. తన కొంగు పట్టుకున్న ఆ చిన్న గుప్పిట గుర్తొచ్చింది. ఆమె సభ మధ్యకు నడిచింది.

"నాకు సరిగా రాదు ఏలినవారూ. వచ్చింది చెబుతాను, నవ్వేవాళ్లు నవ్వండి" అంది.

పాప ముందు చతికిలబడి, గొంతు సవరించుకుని, జపాను భాషలో మొదలుపెట్టింది. ఏమందో తర్వాత తెలిసింది. "ఈశాన్యం నుంచి గాలి. చిన్న పడవలు జాగ్రత్త. ఓ పాపా, నీ ఊరేది? అలలు పెరుగును. నీ పేరేది? ఇది హెచ్చరిక, ఇది హెచ్చరిక." అంతా ఆ ముసలాయన గొంతుతోనే, అంత గంభీరంగానూ.

జపాను భాష రానివాళ్లకు కూడా ఆ గొంతు విని నవ్వాగలేదు. సభ ఘొల్లుమంది. సిద్ధయ్య చెయ్యి డప్పు మీదికి వెళ్లింది. అచ్చమాంబ ముఖం కందిపోయింది. లేచి పోదామనుకుంది.

అప్పుడు ఆ గోలలో సన్నగా ఇంకో నవ్వు వినబడింది. పాప నవ్వుతోంది. ముందు పెదవులతో, ఆ తర్వాత కళ్లతో, ఆఖరికి పొట్ట పట్టుకుని పడీ పడీ నవ్వుతోంది. ఆ నవ్వు చూసి సభ తన నవ్వు మరిచిపోయింది. సిద్ధయ్య చేతిలో పుల్ల అలాగే ఉండిపోయింది.

"ఓజీసాన్" అంది పాప. వచ్చాక ఆమె పలికిన మొదటి మాట అది.

"తాత అంటోంది మహారాజా" అంది అచ్చమాంబ. ఆమె కళ్ల నిండా నీళ్లు.

అంతే, కట్ట తెగినట్టు పాప మాట్లాడడం మొదలుపెట్టింది. అచ్చమాంబకు నాలుగు మాటల్లో ఒకటి అర్థమైంది. తెలియని చోట మళ్లీ అడిగింది. అడగడంలో తప్పు పలికితే పాప నవ్వి, సరిచేసి, ఇలా అనాలని చూపించింది. అలా తప్పు మీద తప్పు పలుకుతూ మూడు పేర్లు పట్టుకుంది. పాప పేరు చియో. తాత పేరు గోంజో. ఊరి పేరు కామెమురా. తాత చేపలు పట్టేవాడట. రోజూ పొద్దున రేడియోలో వాతావరణం విని, అదే గొంతుతో ఇంట్లో అందరికీ చెప్పేవాడట. ఒడ్డున కట్టేసిన పడవలో చియో ఆడుకుంటూ నిద్రపోతే, గాలివానకు తాడు తెగిందట.

"ఈవిడ అచ్చం మా తాతలా మాట్లాడుతోంది" అని చియో చెప్పిందట. ఆ మాటను అచ్చమాంబ తెలుగులో చెప్పడానికి చాలాసేపు సిగ్గుపడింది.

"కామెమురానా? తాబేటి వీపులాంటి కొండ కింద ఉండే రేవు. నేను నీళ్లు నింపుకునేది అక్కడే కదా" అన్నాడు మస్తాను.

రాజు సింహాసనం దిగి వచ్చాడు. "అవ్వా, ఏం కావాలో కోరుకో. నీకు నేర్పిన గురువెవరో చెబితే ఆయన్నూ సత్కరిస్తాను."

"గురువులు చాలామందే ఉన్నారు బాబూ. ఒక్కరూ నా ముఖం ఎరగరు, ఏమీ అడగనూ లేదు" అంది అచ్చమాంబ. "నాకూ ఏమీ వద్దు. ఆ ఓడలో నాకింత చోటిప్పించండి. బిడ్డను తాత చేతికి అప్పగించి వస్తాను."

ఓడ కదిలింది. దారి పొడవునా చియో అచ్చమాంబకు జపాను నేర్పింది, అచ్చమాంబ చియోకు తెలుగు నేర్పింది. ఇక్కడ నవ్వులపాడులో వాచస్పతి అద్దం ముందు నిలబడి మొదటి జపాను మాట పైకి పలికాడు. అది తప్పే, అయినా రెండో మాట కూడా పలికాడు. ధనగుప్తుడు ఒక్క పాఠం ఉంచుకుని మిగిలినవన్నీ తుడిచేశాడు. సిద్ధయ్య స్వయంగా వచ్చి ఆయన పక్కన కూర్చుని ఆ పాఠం విన్నాడు.

ఓడ కామెమురా చేరింది. రేవులో ఒక ముసలాయన సముద్రం వైపు చూస్తూ నిలబడి ఉన్నాడు. చియో పరుగెత్తి ఆయన మెడకు వేలాడింది. ఆయన ఏడ్చాడు, నవ్వాడు, అచ్చమాంబ ముందు నడుము వంచి నమస్కరించాడు. ఆమె కూడా ఏదో మర్యాదగా చెప్పాలనుకుంది. దారంతా సాధన చేసిన మాటలు సమయానికి నోటికి రాలేదు. "చిన్న పడవలు జాగ్రత్త" అనేసింది.

గోంజో విరగబడి నవ్వాడు. చియో నవ్వింది, రేవంతా నవ్వింది. సిగ్గుపడడం మరిచిపోయి అందరికంటే పెద్దగా నవ్వింది అచ్చమాంబే.

కాబట్టి పిల్లలూ, ఉచితంగా దొరికే చదువుకూ ఒక వెల ఉంది: రోజూ కాస్త శ్రమ, నలుగురిలో తప్పు మాట్లాడే ధైర్యం.