రెండో ముడి

నది దాటించే పని మొదలుపెట్టిన రోజున పడవవాడి దగ్గర నలభై వెండి నాణేలు ఉండేవి. ముప్పై ఆరు పెట్టి చిన్న పడవ కొన్నాడు. మూడు పెట్టి తాడు, గెడ కొన్నాడు. మిగిలిన ఒక్కటీ మొలలో దోపుకుని, మనిషికి ఇంత చొప్పున ఎంతమందిని దాటిస్తే ఎంత వస్తుందో లెక్క వేసుకుంటూ నీళ్లలోకి దిగాడు. వయసు చిన్నదే గానీ లెక్కలో తడుముకునేవాడు కాదు.

చిన్న పడవతో ఒక చిక్కుంది. బరువు ఒకవైపు ఒరిగిందంటే అందరూ నీళ్లలోనే. అందుకని ఎక్కేవాళ్ల బుట్టల్లో ఏముందో మూత తీసి చూడాలి. సంతకు పోయేవాళ్లకు బుట్ట విప్పి చూపించడమంటే మనసొప్పదు.

అందుకే అతను పడవ అంచు పొడుగునా తాడు కట్టాడు. "బుట్ట చూడనిస్తాం అనుకున్నవాళ్లు దీనికి మీ దారప్పోగు ఒకటి ముడేయండి. బరువు సర్దడానికి తప్ప ఇంకెందుకూ చూడను. వద్దనుకున్న రోజున కొస లాగేయండి, ఊడి వస్తుంది," అన్నాడు. జారుముడి రానివాళ్లకు తనే నేర్పాడు. కొన్నాళ్లకు పడవ రంగురంగుల పోగులతో పెళ్లిపందిరిలా కళకళలాడింది.

ఇంతలో వానలు దగ్గరపడ్డాయి. నది పొంగితే చిన్న పడవ పనికిరాదు. ఆ లోపల పెద్ద పడవ కొనకపోతే జనమంతా పెద్ద పడవ ఉన్న ఎగువ రేవుకు పోతారు, ఇక తిరిగి రారు. పడవవాడు రాబడిని ఎన్నిసార్లు కూడినా పెద్ద పడవ ధరలో సగం దాటడం లేదు.

అలాంటప్పుడు అవతలి గట్టు షావుకారు పిలిపించాడు. సంతలో సగం సరుకు కొనేది ఆయనే.

"ఎవరి బుట్టలో ఏముందో, ఎంతుందో పొద్దున్నే నాకు చెప్పు. నీ పెద్ద పడవకు తక్కువైనదంతా నేనిస్తాను."

"బుట్టలు వాళ్లవి కదండీ."

"చూడమని ముడేసిందీ వాళ్లే కదటయ్యా. చూసినవాడివి చెప్పడానికేం? ముడి ముడే."

పడవవాడు దారంతా లెక్క వేశాడు. పైసాతో సహా సరిపోయింది. కానీ ఆ లెక్కలో బుట్టలవాళ్లు ఎక్కడా లేరు.

మర్నాడు సంతజనం రేవుకొచ్చేసరికి తాడు బోసిగా ఉంది. విప్పిన పోగులన్నీ అరిటాకు మీద వరసగా ఉన్నాయి.

"అయిపోయింది, పడవ అమ్మేశాడు," అంది గాజులామె.

"అమ్మితే పడవ ఇక్కడెందుకుంటుందే? కళ్లు కూడా గాజుల మలారంలో సర్దుకొచ్చావా?" అంది కుండలామె.

అయినా కొందరు ఎగువ రేవు వైపు మళ్లారు. పడవవాడు పడవెక్కి గొంతెత్తాడు.

"పాత ముడి బరువు కోసం వేసింది. ఇప్పుడు షావుకారుగారు మీ సరుకు సంగతి తనకు ముందే చెప్పమంటున్నారు, నాకు డబ్బిస్తామంటున్నారు. దానికి రెండో ముడి. ఇష్టమైతే వేయండి. వేయకపోయినా కూలి అంతే, చోటూ అంతే."

కుండలామె రెండు ముళ్లూ వేసింది. "నేను వస్తున్నానని తెలిస్తే షావుకారు గడ్డి పరిచి ఉంచుతాడు. పోయినసారి దించడంలోనే నాలుగు పగిలాయి."

గాజులామె ఒకటే వేసింది. "నా దగ్గర ఎంత సరుకుందో తెలిస్తే ధర విరగ్గొట్టడూ ఆయన? మరి నన్ను ఎక్కనిస్తావా నాయనా?"

"ఎక్కు అత్తా. నీ చోటు ఎడమవైపు."

మళ్లినవాళ్లు వెనక్కి వచ్చారు. రెండో ముళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే పడ్డాయి. పడవవాడు ఆ కొద్దిమంది సంగతే షావుకారుకు చెప్పాడు.

"నీకు లెక్కలొచ్చనుకున్నాను," అని షావుకారు మొహం తిప్పుకున్నాడు.

సాయంత్రం సంత ముగిసి జనం తిరుగు పడవ ఎక్కుతుంటే షావుకారు కూడా వచ్చాడు. ఇవతలి గట్టున ఆయనకేదో పని పడింది. చంకలో పట్టుగుడ్డ కప్పిన బుట్ట.

"బుట్ట చూడాలండీ," అన్నాడు పడవవాడు, దారప్పోగు అందిస్తూ.

షావుకారు అటూ ఇటూ చూసి, పోగు తీసుకుని ముడేశాడు. పడవవాడు రెండో పోగు చాచాడు. షావుకారు చెయ్యి ముందుకొచ్చి, సగంలో ఆగి, వెనక్కి పోయింది.

"ఒకటి చాల్లే."

"అదేంటి షావుకారుగారూ, మా బుట్టలు మీకు తెలియాలి గానీ మీ బుట్ట మాకు తెలియకూడదా?" అంది గాజులామె.

పడవ నవ్వులతో ఊగింది. షావుకారు మొహం కాసేపు గంటు పెట్టుకుని, చివరికి ఆయనా నవ్వాడు. పడవవాడు గుడ్డ కొస ఎత్తి చూసి, ఆయన్ను మధ్య బల్ల మీద కూర్చోబెట్టాడు. ఆ బుట్టలో ఏముందో కథ చెప్పేవాళ్లకు కూడా తెలియదు. ఆయన రెండో ముడి వేయలేదు.

దిగుతూ షావుకారు అన్నాడు: "చెప్పమన్నవాళ్ల సంగతే చెప్పు. మనిషికింతని ఇస్తాను."

అడక్కుండా పడవవాడు ఎవరి బుట్ట సంగతీ బయటపెట్టడన్న మాట పాకి, ఎగువ రేవు జనం కూడా ఈ రేవుకే రావడం మొదలుపెట్టారు. మబ్బులు కమ్ముకునేనాటికి పడవవాడి లెక్క మళ్లీ సరిపోయింది. ఈసారి అందులో అందరూ ఉన్నారు.

డబ్బు మూట కట్టుకుని అతను పడవలు చేసే వడ్రంగి ఇంటికి వెళ్లాడు. తలుపు ఓరగా తెరిచే ఉంది. లోపల కొత్త పడవ పక్కటెముకల్లాంటి చెక్కలు తెల్లగా మెరుస్తున్నాయి. ఒక్క అడుగు వేస్తే వాటిని ముట్టుకోవచ్చు. పడవవాడు గడప ఇవతలే ఆగి, తలుపు తట్టడానికి చెయ్యెత్తాడు.