నాలుగు గుంటలు, ఒక చెలమ

మిట్టమధ్యాహ్నం. ఆకు కదలడం లేదు. ఏరు ఎండిపోయింది. అడవిలో నీళ్లున్నది మొసలి మడుగులోనే. ఎవరి వంతు ఎప్పుడో మొసలి తేలుస్తుంది, నక్క వచ్చి చెబుతుంది. మొసలికి ఆకలేసిన రోజు ఏదో ఒక మందలో ఒక పిల్ల తగ్గుతుంది.

నిన్న తగ్గింది కాటుక పెద్ద దూడ. కాటుక అడవిదున్న.

ఏనుగు, ఎలుగు, అడవిపంది, కాటుక ఈమధ్యనే మందలు పెరిగి నిలదొక్కుకుంటున్నాయి. కూటమి కట్టి ఏటి ఇసకలో సొంతంగా చెలమ తవ్వుకోవాలనుకున్నాయి.

నక్క గట్టు మీద చేరింది.

"మంచి పనే, ఏనుగు మామా. బలం నీది. రేపు పంది చెలమ అంటారేమో, అదే నా దిగులు."

"అంటే తప్పేంటి?" అంది పంది.

"తప్పని ఎవరన్నారు బావా? ఎలుగన్న గోళ్లు లేకపోతే మీ ఇద్దరూ ఏం తవ్వేవాళ్లు?"

పొద్దు వాలేసరికి ఏట్లో నాలుగు గుంటలు. ఎవరి గుంట వాళ్లదే. తోడిన ఇసక అవతలికి లాగే తోడు లేక అంచులు జారి మళ్లీ గుంటలోనే పడుతున్నాయి. మోకాలి లోతు దాటలేదు. చుక్క లేదు.

"దాహమమ్మా," అంది చిన్న దూడ.

"మడుగులో చోటుంది వదినా," అంది నక్క. "నేను తీసుకెళ్తాలే."

నిన్న కూడా ఇదే గొంతు, ఇదే మాట. కాటుక తన గుంట వదిలేసి పంది గుంటలోకి దిగింది.

"నీ పేరే పెట్టుకో అన్నా. నాకు నీళ్లు చాలు."

పంది తల దించుకుంది. "పేరెందుకులే చెల్లెమ్మా. తవ్వు."

"మరి ముందు తాగేదెవరు?" అంది ఏనుగు.

"అందరిలో చిన్నది," అంది కాటుక.

పంది మూతితో పెళ్లగించింది. ఎలుగు తోడింది. ఏనుగు తొండంతో ఇసక దూరంగా పోసింది. కాటుక అంచు జారకుండా ఒళ్లు అడ్డం పెట్టింది. దీపాలవేళకు అడుగున తడి మెరిసింది, తర్వాత నీరు ఊరింది.

"మొసలి ఆకలితో ఉంది. నేనేం చెప్పాలి?" అంది నక్క.

"చెప్పడమెందుకు? ఇవాళ నువ్వే వెళ్లు," అంది ఎలుగు.

కలిసి తవ్వేవాళ్లు చెలమ ఎవరిదో తేల్చుకోనక్కర్లేదు, ముందు తాగాల్సిందెవరో తేల్చుకుంటే చాలు.

నీళ్లు తాగి గట్టెక్కుతున్న పిల్లల్ని కాటుక లెక్కపెట్టింది. ఏనుగుది ఒకటి. ఎలుగువి రెండు. పందివి ఏడు. తనది ఒకటి.

మళ్లీ లెక్కపెట్టింది. తనది ఒకటే.