ముగ్గు రాని గురువు

ఆశ్రమంలో శిష్యుడైన సోమనాథుడి దగ్గర అన్నిటికీ జవాబుండేది. అచ్చమ్మ ప్రశ్న ఒక్కటే లొంగలేదు.

ఆమె కూతురు చిట్టి ఐదేళ్లకే జ్వరంతో పోయింది. "నా పిల్లే లేనప్పుడు ఇంక నేనెందుకు స్వామీ?" అంటూ కృష్ణ ఒడ్డున ఉన్న ఆశ్రమానికి వచ్చింది. సోమనాథుడు మొదటిరోజు కర్మ గురించి చెప్పాడు. రెండోరోజు మాయ గురించి చెప్పాడు. మూడోరోజు పుస్తకం తెరిచేసరికి ఆమె లేచి నిలబడింది.

"నాకు బుర్ర తక్కువ స్వామీ. ఇక రాను."

సోమనాథుడు గురువు చిదంబరయ్య వైపు తిరిగి, "నేను చెప్పింది సరైనదే గురువుగారూ. ఆమెకే ఎక్కలేదు" అన్నాడు.

గురువు లేచాడు. వంటింట్లోంచి బియ్యప్పిండి గిన్నె తెచ్చి, వాకిట్లో కూర్చుని చుక్కలు పెట్టసాగాడు. ఒక వరసలో ఐదు, ఇంకో వరసలో ఏడు. ఒక చుక్క ఎటూ కాకుండా పక్కన పడింది.

గుమ్మం దాటబోతున్న అచ్చమ్మ ఆగిపోయింది. చూసి ఊరుకోలేకపోయింది.

"అయ్యో రాత! అవి చుక్కలా స్వామీ? కోళ్లకు నూకలు చల్లినట్టున్నాయి!"

"మరి ఇది ఏ ముగ్గవుతుందమ్మా?"

"మీరు పెట్టి నన్నడుగుతారేం?"

"నాకు తెలిస్తే నేనే వేసేవాణ్ణిగా."

ఆమె కొంగు దోపుకుని కూర్చుంది. గీతలు మెలికలు తిరిగాయి. మధ్యలో గురువు ఓ గీత కలపబోతే చెయ్యి పక్కకు నెట్టేసింది. సోమనాథుడు గబుక్కున ఒక అడుగు ముందుకేశాడు. గురువు మాత్రం బుద్ధిగా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

చివరికి ఆ ఒంటరి చుక్క మిగిలింది.

"ఇది దేన్లోనూ కలవడం లేదు."

"చెరిపేద్దామా?"

"వద్దొద్దు!" అచ్చమ్మ దానికి చెయ్యి అడ్డం పెట్టింది. కళ్లు నిండాయి. "పిల్లలంతా వరసలో నిలబడితే, మా చిట్టి ఇదిగో, ఇలాగే పక్కకెళ్లి నిలబడేది. ఎవరి మాటా వినేది కాదు ముండ!"

ఏడుస్తూనే నవ్వింది. చిట్టి అల్లరి ఒక్కొక్కటీ చెప్పుకొచ్చింది. పొద్దెక్కాక పిండి చేతులు దులుపుకుని లేచింది.

"రేపొచ్చి దీని చుట్టూ పువ్వు వేస్తాను. ఎవరూ తొక్కకండి."

ఆమె వెళ్లాక సోమనాథుడు మెల్లగా అడిగాడు. "ఆ చుక్క కావాలనే పక్కన పెట్టారు కదూ?"

"లేదురా. నాకు నిజంగానే ముగ్గు రాదు."

మర్నాడు పొద్దున్నే సోమనాథుడు ఆ ముగ్గును వదిలి మిగతా వాకిలంతా కళ్లాపి చల్లాడు. పిండి గిన్నె పక్కన పెట్టుకుని గుమ్మంలో కూర్చున్నాడు. చేతిలో పుస్తకం లేదు.