రసీదులక్ష్మీ వ్రత కథ

పూర్వము సుమేధుడను ముని తన ఆశ్రమమునకు వచ్చిన వత్సల మహర్షిని పూజించి, సరుకిచ్చి పుచ్చుకొన్న సొమ్మును బ్యాంకువారు మరల వెనుకకు తీసికొనగా దుఃఖించు చిన్న వర్తకులకు తరణోపాయమేదని అడిగెను. వత్సలుడు సంతోషించి ఇట్లు చెప్పెను.

పిఠాపురమున హైమవతి యను ఇల్లాలు వీధిగదిలో ఉప్పాడ చీరల కొట్టు పెట్టి, నేతగాడు అప్పలస్వామి అరువిచ్చిన చీరలమ్మి సంసారము నడుపుచుండెను. కార్డు గీకు మిషను మాత్రము కాలముచేసిన మామగారి ఎరువుల కొట్టు పేరనే యుండెను. మార్చెదనన్నచో అత్తగారు మంగాయమ్మ, "ఆయన పేరు తీసేత్తానంటావేంటే! ఈ కొంప నిలబెట్టింది ఆ పేరే కదే!" అని కన్నీరు పెట్టెను.

ఒకనాడు విశాఖనుండి డాక్టరమ్మ యొకతె వచ్చి, కూతురి పెండ్లికి నాలుగు చీరలు కార్డుపై కొనెను. అంత పెద్దబేరము మునుపెన్నడు లేకుండుటచే హైమవతి మురిసి, ఆమె సంతకము చేసిన మిషను రసీదుకు పసుపు రాసి, దేవునిగూట దీపముచెంత నుంచెను.

నెల తిరుగగానే డాక్టరమ్మ తన బ్యాంకు చిట్టాలో ఎరువుల కొట్టు పేరు చూచి, జన్మలో ఎరువు కొనలేదని ఫిర్యాదు చేసెను. బ్యాంకువారు హైమవతి ఖాతానుండి నలుబదివేలు తీసికొని, పదిదినములలో రుజువు చూపుమనిరి. ఆమె గూటికి పరుగెత్తి చూడగా, దీపపు సెగకు రసీదు కాటుకవలె నల్లబడి యుండెను. రెండవ శ్రావణ శుక్రవారమునాటికి పైకము ముట్టనిచో చీరలన్నియు తీసికొనిపోయెదనని అప్పలస్వామి చెప్పిపోయెను.

మొదటి శుక్రవారమున లక్ష్మీదేవి కరుణించి, బ్యాంకు ఉద్యోగము విరమించిన ముత్తైదువ రూపున తాంబూలమునకు వచ్చి, సంగతి విని, "కొన్నావిడకి ఫోన్ చేశావా అమ్మా?" అనెను.

"పెద్దింటావిడండీ. మొహమాటం కాదూ?"

"మొహమాటం నలభై వేలా! మా రోజుల్లో ఇంత ఖరీదుండేది కాదు. దీపం దేవుడికి పెట్టు, రసీదు బీరువాలో పెట్టు."

హైమవతి చీరలకు కుచ్చులు కట్టించి కబురంపుటకై వ్రాసికొన్న డాక్టరమ్మ నంబరునకు ఫోను చేసెను. "అయ్యో, ఆ ఎరువులు మీ చీరలా! ఎవరో మోసగాడనుకున్నానండీ," అని డాక్టరమ్మ నొచ్చుకొని ఫిర్యాదు వెనుకకు తీసికొనెను. గురువారమునకు సొమ్ము తిరిగివచ్చెను. శుక్రవారము అప్పలస్వామి బాకీ తీరెను.

అంతట మంగాయమ్మ, "ఆయన పేరు కొట్టు బోర్డు మీదుంటే చాల్లేవే. ఎరువులమ్మి ఏనాడూ ఒకడిచేత మాట పడలేదాయన. చీరలకి పడనిత్తానా?" అని మిషను పేరు తానే మార్పించెను. నాటినుండి కోడలు మామూలు కాగితపు బిల్లుపై సంతకము గైకొని బీరువాలో దాచుచుండెను. పిదప గడుసరి యొకతె చీర కట్టుకొని తిరుగుచునే కొనలేదని ఫిర్యాదు చేయగా, హైమవతి మూడవనాడే బిల్లు పంపి గెలిచెను. అప్పలస్వామి మునుపటికంటె మంచి చీరలు తెచ్చియిచ్చెను.

ఓ సుమేధా! చీరలు, పచ్చళ్ళు, గాజులు అమ్ముకొను వారందరును బిల్లుపై సంతకము గైకొని భద్రపరచు ఈ వ్రతము చేయవలెను. బ్యాంకు ఉత్తరమునకు గడువులోపల బదులిచ్చు వారికి ఇచ్చిన సరుకు సొమ్ము నిలుచును. కొన్నవారు తెలియని పేరు కనబడినప్పుడు ఫిర్యాదుకు ముందు కొట్టుకొక ఫోను చేసినచో వారికిని సగము పుణ్యము దక్కును.

కథ విన్న అక్షతలు తలపై వేసికొనవలెను. రసీదులపై వేయరాదు.