కదలని గోడ

ఒక రాజ్యంలో ఓటమి ఎరగని మల్లుడు ఉండేవాడు. అతను గోదాలోకి దిగితే ఎదుటివాడు మట్టి కరవాల్సిందే. రాజుకు అతనంటే పంచప్రాణాలు. బలమున్నవాడి మాటే న్యాయమని రాజు దండోరా వేయించాడు. ఆనాటి నుంచి గట్టు తగాదాలకూ, కవుల పోటీలకూ తీర్పు చెప్పే పని మల్లుడి మీద పడింది.

మొదట్లో అతనికి బాగానే ఉంది. ఓడిన కవి కూడా దణ్ణం పెట్టి మరీ వెళ్లేవాడు. కానీ ఒక పండగనాటి కుస్తీలో, అతని చెయ్యి తగలకముందే ఎదుటివాడు వెల్లకిలా పడిపోయాడు. జనం ఈలలు వేశారు. గాలిలో ఆగిపోయిన తన చేతిని చూసుకుంటూ మల్లుడు నిలబడిపోయాడు. తర్వాత వచ్చినవాడూ అలాగే పడ్డాడు.

ఆ రోజు నుంచి అతనికి గుబులు పట్టుకుంది. ఒంట్లో సత్తువ ఉందో, ఎప్పుడో పోయిందో తెలుసుకునే దారి లేదు.

తీగకు మొహమాటం ఉండదు కదా అని, వీణ నేర్పే ముసలమ్మ ఇంటికి వెళ్లాడు. మీటగానే తీగ పుటుక్కున తెగింది.

“నిజం చెప్పమ్మా, అపశ్రుతి కాదూ?”

“మీరు పలికించిందే శ్రుతి, బాబూ,” అంది ఆమె. తెగిన తీగను గబగబా చుట్టి కొంగు చాటున దాచేసింది.

అక్కడి నుంచి అతను తోచినట్టు నడిచి కోటగోడ దగ్గర తేలాడు. తరతరాలుగా శత్రువులను ఆపిన గోడ అది. ఊరికే భుజం ఆనించి తోశాడు. కదల్లేదు. ఊపిరి బిగబట్టి తోశాడు. భుజం చెక్కుకుపోయింది గానీ గోడ కదల్లేదు. చాలాకాలానికి అతను కడుపునిండా అన్నం తిన్నాడు. రోజూ వెళ్లి తోసి, ఆ రాళ్లను నిమిరి వచ్చేవాడు.

సంగతి రాజు చెవిన పడింది. పిలిచి అడిగితే మల్లుడు దాచలేదు.

“నాకు భయపడనిది అదొక్కటే, ప్రభూ.”

రాజు ముఖం మాడిపోయింది. “నువ్వు తోస్తే కదలనిది నా రాజ్యంలో ఉండటానికి వీల్లేదు.”

గోడ జోలికి పోవద్దని మల్లుడు కాళ్లావేళ్లా పడ్డాడు. రాజు దాన్ని వినయమనుకుని మురిసిపోయి, అతన్ని విందుల పేరుతో కోటలోనే ఉంచేశాడు. అన్నం ముందు కూర్చుంటే గోడ వైపు నుంచి గునపాల చప్పుడు వినిపించేది. కలిపిన ముద్ద విస్తట్లోనే వదిలేసి లేచేవాడు.

పని ముగిశాక రాజు అతన్ని డప్పులతో గోడ దగ్గరికి తీసుకెళ్లాడు. ఊరంతా అక్కడే ఉంది. మల్లుడు అరచెయ్యి ఆనించాడో లేదో, లోపలి రాళ్లు గలగలమన్నాయి. గోడ అవతలికి ఒరుగుతోంది. అతను రెండు చేతులా రాళ్లను పట్టుకుని, కాళ్లు నేలలో దిగేసి, ఉన్న బలమంతా పెట్టి ఇవతలికి లాగాడు. ఊపుతున్నాడనుకుని జనం చప్పట్లు కొట్టారు.

గోడ కూలింది. రాజు అతన్ని కౌగిలించుకుని, “చూశావా నీ బలం,” అన్నాడు.

మల్లుడు అతని భుజం మీదుగా ఆ గండి లోంచి బయటికి చూస్తున్నాడు. ఆ పూట ఆకు కదిలేంత గాలి కూడా లేదు. మైదానం చివర మాత్రం ఎర్రగా దుమ్ము లేస్తోంది.